వ్యాను వంటగదికి గ్యాసు గొట్టం వేసిందెవరు?

పల్నాడులో ఇప్పుడు ఏ సెంటరుకు వెళ్లినా ఒక టిఫిన్ వ్యాను కనిపిస్తుంది. పాతబడిన చిన్న ట్రక్కునో, స్కూలు పిల్లలను మోసి మోసి అలసిపోయిన వ్యానునో చవకగా కొంటారు. సీట్లు పీకించి, పక్క రేకును కోయించి, అది తలుపులా పైకి లేచేటట్లు చేయిస్తారు. లోపల గ్యాసు పొయ్యి బిగించి ఇడ్లీ, దోసె, పునుగులు అమ్ముకుంటారు. కౌలు గిట్టక వ్యవసాయం మానుకున్నవారు, చదువుకుని ఉద్యోగం రానివారు ఎందరో ఈ పనిలో దిగి నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్నారు. ఇందుకు అందరూ సంతోషించవలసిందే. ఈ వ్యాన్ల మీద నాకు ఏ కోపమూ లేదు. పొద్దున పూట నేను తినేది కూడా అక్కడే.

అయితే ఆ పొయ్యికి గ్యాసు తెచ్చే గొట్టం ఎవరు వేశారు, వేసిన తర్వాత ఎవరు చూశారు అన్నది ఎవరూ అడగటం లేదు. నేనూ అడగలేదు. ఈ మాట ముందుగా ఒప్పుకుని తర్వాత మిగతాది రాస్తాను.

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదుట ఒక దంపతులు ఇలాంటి వ్యాను పెట్టుకున్నారు. మొదటి నెలలోనే బేరం బాగా సాగింది. స్వయం ఉపాధికి ఆదర్శమంటూ వారి మీద నేనొక వార్త రాసి, ఫొటో కూడా పంపాను. అది అచ్చయింది. దాన్ని వారు అద్దం కట్టించి వ్యానులోనే తగిలించుకున్నారు. ఆ ఫొటోలో ఆమె దోసె తిప్పుతూ ఉంటుంది. ఆమె కాళ్ల దగ్గర, బల్ల కింద, నిలబెట్టడానికి ఎత్తు చాలక పడుకోబెట్టిన ఎర్ర సిలిండరు ఉంటుంది. దాని నుంచి బయలుదేరిన రబ్బరు గొట్టం బల్ల రేకుకు కొట్టిన రంధ్రంలోంచి పైకి వెళ్లటం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రోజు నేను చూసింది దోసెనే.

అప్పుడప్పుడు అక్కడ గ్యాసు వాసన వచ్చేది. తినేవారు ముక్కు చిట్లించి, చట్నీ వేయించుకుని వెళ్లిపోయేవారు. ఒకసారి నేను, "అమ్మా, వాసన వస్తున్నదేమో చూసుకో" అన్నాను. "పొయ్యి ఆర్పి వెలిగిస్తాం గదన్నా, ఆ మాత్రం వస్తుందిలే" అన్నది ఆమె. నేనూ సరేనన్నాను.

ఒక తెల్లవారుజామున ఊరి బయటి ఇంటి నుంచి బస్టాండుకు వ్యాను తోలుకువచ్చి, తలుపు ఎత్తకుండానే పొయ్యి వెలిగించబోయారు. ముందు బల్ల కింద భగ్గుమన్నది. అదృష్టం కొద్దీ ఆమె అప్పటికి కిందికి దిగి బిందె అందుకుంటున్నది. భర్త రెండు చేతులూ మోచేతుల వరకు కాలాయి. టీ తాగుతున్న లారీ డ్రైవరు ఒకరు గోనె పట్టా తడిపి చేతికి చుట్టుకుని లోపలికి దూరి రెగ్యులేటరు కట్టేశారు. ఆయన పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆ పని చేయకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర లేదు. పొద్దున్నే బడికి వెళ్లే పిల్లలు నిలబడే చోటు అది.

తర్వాత చూస్తే, గొట్టం రేకు రంధ్రంలోంచి వచ్చే చోట కత్తితో గీసినట్టు తెగి ఉన్నది. రేకు అంచుకు రబ్బరు వాషరు లేదు. రోజూ రెండు పూటలా ఆ గుంటల రోడ్డు మీద వ్యాను ఊగినప్పుడల్లా రేకు గొట్టాన్ని కోస్తూ వచ్చింది. ఇంట్లో కదలకుండా ఉండే పొయ్యికి ఈ బాధ లేదు. ఇంటికి పనికివచ్చిన బిగింపు బండికి పనికిరాదు. నేను చెప్పదలచుకున్న విషయమంతా ఇందులోనే ఉన్నది.

వ్యాను కట్టిన షెడ్డుకు వెళ్లి మేస్త్రీని అడిగాను. "విలేఖరి గారూ, నేను ఇనుము పని చేసేవాణ్ణి. బల్ల చేయమన్నారు, చేశాను. గొట్టానికి రంధ్రం పెట్టమన్నారు, పెట్టాను. గ్యాసు సంగతి గ్యాసువాళ్లు చూసుకోవాలి" అన్నాడు. గ్యాసు మెకానిక్కును అడిగితే, తాను ఇళ్లకు వెళ్లి చూస్తాడుగాని వ్యాను దగ్గరకు రమ్మని తనను ఎవరూ పిలవలేదన్నాడు. పిలవరు కూడా. ఎందుకంటే వ్యానులో ఉన్నది ఇంటి పేర తెచ్చుకున్న 14.2 కిలోల సిలిండరు. వ్యాపారానికి వాడవలసింది 19 కిలోలది. కిలో లెక్కన చూస్తే దాని ధర ఎక్కువ. ఇంటి సిలిండరును వ్యాపారానికి వాడరాదని 2000 సంవత్సరపు వంట గ్యాసు సరఫరా ఉత్తర్వు చెబుతున్నది. మెకానిక్కును పిలిస్తే సిలిండరు పోతుందని భయం. ఆ భయంతో గొట్టం సంగతి ఎవరికీ చూపించరు. తప్పు తప్పే. కాని డబ్బు మిగుల్చుకోవటానికి చేసిన తప్పు ప్రాణాల మీదికి రాకుండా చూసే దారి ఒకటి ఉండాలా, వద్దా?

అసలు ఈ గ్యాసు తత్వం మనలో చాలామందికి తెలియదు. సిలిండరులో ఉన్నది ప్రొపేను, బ్యూటేను అనే రెండు వాయువుల కలయిక. వత్తిడి మీద నీరులా మారి ఉంటుంది. ఆ ద్రవం ఒక లీటరు బయటికి వస్తే సుమారు 250 లీటర్ల గ్యాసవుతుంది. గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు కాబట్టి పొగలా పైకి పోదు, నీటిలా నేలమీద పరుచుకుంటుంది. దానికి సొంత వాసన లేదు. మనం పసిగట్టడానికని మెర్‌కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. నిలబడి దోసె వేసే మనిషి ముక్కు పైన ఉంటుంది, గ్యాసు పాదాల దగ్గర ఉంటుంది. మధ్యలో నూనె వాసన, సాంబారు వాసన. ఇక ఎలా తెలుస్తుంది?

గాలిలో నూటికి రెండు పాళ్లు ఈ గ్యాసు కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉన్న వ్యాను గదిని లెక్కవేసి చూడండి. రమారమి 6,800 లీటర్ల గాలి పడుతుంది. అందులో రెండు పాళ్లంటే 136 లీటర్లు. తూకంలో అది 300 గ్రాములకు మించదు. నిండు సిలిండరులో అది ఏ మూలకు? పైగా నేలమీదనే పేరుకుంటుంది కాబట్టి గది అంతా నిండవలసిన అవసరం కూడా లేదు. రాత్రంతా మూసి ఉంచిన వ్యానులో అంత గ్యాసు చేరటానికి గొట్టం పూర్తిగా తెగనక్కర లేదు, చీలిక చాలు.

సిలిండరును పడుకోబెట్టటం ఇంకొక ప్రమాదం. నిలబెడితే పైన ఉన్న గ్యాసు మాత్రమే గొట్టంలోకి వస్తుంది. పడుకోబెడితే ద్రవమే వచ్చేస్తుంది. పొయ్యి దగ్గర అది ఒక్కసారిగా గ్యాసయి మంట మనిషెత్తు లేస్తుంది. "పొయ్యి ఒక్కోసారి మీదికొస్తుందండీ" అని టిఫిన్ బండివారు చెప్పుకోవటం నేను చాలాసార్లు విన్నాను. అది పొయ్యి తప్పు కాదు.

అమెరికాలోను, ఐరోపా దేశాల్లోను బండి వెనుక కట్టుకుని తిరిగే ఇళ్లు ఉన్నాయి. కారుకు తగిలించిన ఆ బండిలోనే మంచం, వంటగది, నీళ్ల తొట్టి అన్నీ ఉంటాయి. పాత బండ్లను కొని, లోపలంతా విప్పి, తమ చేతులతో మళ్లీ కట్టుకునేవారు అక్కడ చాలామంది. చలి దేశాలు కాబట్టి వారు ఎక్కువగా ప్రొపేను వాడతారు. బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే గ్యాసుగా మారటం మానేస్తుంది, ప్రొపేను సున్నాకు దిగువ 42 డిగ్రీల వరకు మారుతూనే ఉంటుంది. మనకు ఆ చలి లేదు, ఆ ఇబ్బందీ లేదు. కాని గొట్టం వేసే పద్ధతి మాత్రం మనకూ పనికివస్తుంది. ఎందుకంటే వారి బండీ ఊగుతుంది, మన వ్యానూ ఊగుతుంది. గుంటల విషయంలో మనదే పైచేయి.

వారు సిలిండరును వంటగదిలో ఉంచరు. లాగుడు బండి అయితే ముందు భాగంలో, కారుకు తగిలించే ఇనుప కడ్డీల మీద, ఆరుబయట నిలబెట్టి బిగిస్తారు. లోపలే పెట్టవలసి వస్తే దానికొక వేరే అర కడతారు. ఆ అరకు మనుషులుండే గదివైపు సందు ఉండరాదు. అడుగున మాత్రం బయటికి రంధ్రాలుండాలి. కారిన గ్యాసు ఆ రంధ్రాలలోంచి నేలమీదికి జారి గాలిలో కలిసిపోతుంది. ఇంతకంటే సులువైన ఏర్పాటు మరొకటి లేదు. మన వ్యాను మేస్త్రీకి ఇది అరపూట పని. వెనక బంపరు పక్కన, పొగగొట్టానికి దూరంగా, జల్లెడ రేకుతో ఒక పెట్టె కట్టి, సిలిండరును నిటారుగా నిలబెట్టి, నడుముకు ఇనుప పట్టీ బిగిస్తే సరిపోతుంది. వెనకనుంచి మరో బండి గుద్దినా తగలకుండా ఒక కడ్డీ అడ్డం వేయాలి.

సిలిండరు నుంచి పొయ్యి దాకా మొత్తం రబ్బరు గొట్టమే లాగకూడదు. మధ్యలో రాగి గొట్టంగాని, ఇనుప గొట్టంగాని వేసి, జానెడుకొక చోట క్లిప్పు పెట్టి బండి గోడకు కదలకుండా బిగించాలి. రబ్బరు గొట్టం రెండు కొసల దగ్గర, ఊపును తట్టుకోవటానికి ఎంత కావాలో అంతే ఉండాలి. గొట్టం రేకును దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు వాషరు తొడగాలి. ఈ ఒక్కటీ ఉండి ఉంటే బస్టాండు దగ్గర ఆ మనిషి చేతులు కాలేవి కావు. వాషరు ఖరీదు ఒక కప్పు టీ ఖరీదు.

రెగ్యులేటరు విషయంలోను పొరపాట్లు జరుగుతున్నాయి. ఇంటి రెగ్యులేటరు చదరపు సెంటీమీటరుకు 30 గ్రాముల వత్తిడి మీద మాత్రమే గ్యాసును వదులుతుంది. పెద్ద పెనానికి మంట చాలదని కొందరు ఎక్కువ వత్తిడి రెగ్యులేటరు తగిలించి, గొట్టం మాత్రం పాత ఇంటి గొట్టాన్నే ఉంచుతున్నారు. ఇది ఎంతమాత్రం తగదు. భట్టీ పొయ్యికి దాని వత్తిడికి తగిన గొట్టమే వేయాలి. ఇంటికి వాడే నారింజ రంగు సురక్షా గొట్టం, లోపల ఇనుప తీగ అల్లిక ఉన్నదైనా సరే, ఐదేళ్లకు మార్చవలసిందే. ఎండలో, నూనెలో నానే వ్యాను గొట్టానికి అంత ఆయుష్షు కూడా ఉండదు. పైకి బాగానే కనిపిస్తుంది. వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి.

పని పూర్తయిన తర్వాత అతుకు అతుకుకూ సబ్బు నీళ్లు రాసి చూడాలి. బుడగ లేచిందంటే గ్యాసు కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసే ధీరులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారికి దండం పెట్టి ఆపవలసి ఉంటుంది. వ్యాను కదిలేముందు రెగ్యులేటరు కట్టేయాలి. వచ్చి ఆగిన తర్వాత తలుపులన్నీ ఎత్తి, కాసేపు గాలి ఆడనిచ్చి, అప్పుడు వెలిగించాలి. సిలిండరు మెడ దగ్గరి పట్టీ మీద ఒక ఇంగ్లీషు అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే మిగతా మూడు నెలలు. అంకెలు సంవత్సరం. ఆ గడువు లోపల సిలిండరుకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినది ఇస్తే తీసుకోనక్కర లేదు. గ్యాసు కారుతున్నదని అనుమానం వస్తే 1906 నంబరుకు ఫోను చేయవచ్చు, రాత్రయినా పగలయినా పలుకుతారు. ఈ నంబరును ఏ టిఫిన్ వ్యాను మీదా నేను చూడలేదు. దేవుడి పటం, యజమాని ఫోను నంబరు, దిష్టి గుమ్మడికాయ మాత్రం తప్పక ఉంటాయి.

వ్యాను ఊళ్లో ఉన్నంతకాలం ప్రమాదం పది మందికి. తిరునాళ్లకు వెళితే సంగతి వేరు. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లనివారు మన జిల్లాలో అరుదు. ఆకాశమంత ప్రభలు, కరెంటు దీపాలు, కిక్కిరిసిన జనం. ఆ జనం మధ్యలోనే రాత్రంతా పొయ్యిలు వెలుగుతాయి. ఏ తిరునాళ్లలోనైనా ఒక వ్యానును ఆనుకుని మరొకటి, దాన్ని ఆనుకుని బట్టల పందిరి. ఒకచోట అంటుకుంటే జనం పరుగెత్తటానికి దారి ఉండదు. కృష్ణా పుష్కరాలు 2016లో జరిగాయి. పన్నెండేళ్ల లెక్కన 2028లో మళ్లీ రావాలి. అప్పుడు నది ఒడ్డున ఎన్ని వ్యాన్లు నిలబడతాయో ఇప్పుడే ఊహించుకోవచ్చు.

యాత్రా బస్సుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాశీ, రామేశ్వరం వెళ్లే మన ఊరి బస్సుల్లో వంట మనిషి, బియ్యం బస్తాలతోపాటు గ్యాసు సిలిండరు కూడా సామాను అరలో ఎక్కుతున్నది. పెద్దవాళ్లకు బయటి తిండి పడదని, ఖర్చు కలిసివస్తుందని చెబుతారు. రెండూ నిజమే. కాని 2023 ఆగస్టు 26న మధురైలో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. లక్నో నుంచి యాత్రకు వచ్చినవారి రైలు పెట్టెను స్టేషనులో విడదీసి నిలిపి ఉంచారు. నిషేధమున్నా లోపలికి తెచ్చుకున్న సిలిండరుతో తెల్లవారుజామున టీ కాచుకోబోతే పెట్టె అంటుకుని 9 మంది చనిపోయారు. వారూ మనలాంటి యాత్రికులే, పుణ్యానికి బయలుదేరినవారే. సామాను అరలో అడ్డంగా దొర్లే సిలిండరు మీద నలభై మంది నిద్రపోతూ వెళ్లటం కూడని పని. వంట చేసుకునే చోటే అద్దెకు పొయ్యి, సిలిండరు దొరికేటట్లు ముందుగా మాట్లాడుకుంటే సరిపోతుంది.

ఇక అధికారుల సంగతి. వ్యాను ఆకారం మారిస్తే రవాణా శాఖవారి అనుమతి తీసుకుని రిజిస్ట్రేషను పత్రంలో రాయించుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతున్నది. తినుబండారాలు అమ్మితే ఆహార భద్రతా విభాగంలో నమోదు కావాలి. ఊళ్లో వ్యాను పెడితే పంచాయతీకి ఆశీలు కట్టాలి. కట్టే డబ్బు కట్టిస్తున్నారు, రసీదూ ఇస్తున్నారు. ఇన్ని కాగితాలలో ఒక్కటి కూడా పొయ్యి కింద గొట్టాన్ని వంగి చూసింది కాదు.

ఇలా రాస్తే రేపు వ్యాన్ల మీద దాడులు చేసి సిలిండర్లు ఎత్తుకుపోతారేమోనని ఒక మిత్రుడు అన్నాడు. ఆ భయం నాకూ ఉన్నది. నాలుగు రోజులు దాడులు చేసి, ఫొటోలు దిగి, ఐదో రోజు మర్చిపోవటం మనకు కొత్త కాదు. అందువల్ల బాగుపడేది ఎవరూ లేరు. సిలిండర్లు పోగొట్టుకున్నవారు అప్పు చేసి మళ్లీ అలాంటివే తెచ్చుకుంటారు, ఈసారి ఇంకా లోపల దాస్తారు. దాడికి ముందు గొట్టం చూపించుకునే అవకాశం ఇవ్వాలి. గ్యాసు ఏజెన్సీలకు శిక్షణ పొందిన మెకానిక్కులు ఉన్నారు. ఇళ్లకు వచ్చి తనిఖీ చేసే ఏర్పాటు కూడా ఉన్నది. అదే మెకానిక్కు సంత రోజున మండల కేంద్రంలో ఒక పూట కూర్చుంటే, వ్యాన్లు అక్కడికే వస్తాయి. గొట్టం చూసి, సబ్బు నీళ్లు రాసి, సరిగా ఉంటే తేదీ వేసి చీటీ అంటించాలి. ఆ చీటీ ఉంటేనే తిరునాళ్లలో చోటు, ఆ చీటీ ఉంటేనే ఆశీలు రసీదు అనాలి. మొదటిసారి వచ్చినవారిని ఏ సిలిండరు వాడుతున్నావని గద్దించకుండా, వ్యాపారపు సిలిండరుకు మారటానికి గడువు ఇవ్వాలి. 19 కిలోల సిలిండరుకు ఒకేసారి డిపాజిట్టు కట్టలేనివారికి స్త్రీల పొదుపు సంఘాల ద్వారా అప్పు ఇప్పించవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు. కలెక్టరుగారు ఒక సమావేశంలో పంచాయతీవారిని, అగ్నిమాపకవారిని, గ్యాసు ఏజెన్సీలవారిని కూర్చోబెడితే చాలు.

వ్యాన్లవారికి కూడా ఒక మాట. మీరు పెయింటుకు, రంగు లైట్లకు పెట్టిన ఖర్చులో పదో వంతు గొట్టానికి పెట్టలేదు. కోపం తెచ్చుకోకండి, నేను లెక్క అడిగే రాస్తున్నాను. తినేవారు కూడా వాసన వస్తే చట్నీ వేయించుకుని వెళ్లిపోకుండా అక్కడే గట్టిగా చెప్పండి. నాలాగా సరేనని ఊరుకోకండి.

బస్టాండు ఎదుట ఆ దంపతులు నాలుగు నెలలకు మళ్లీ వ్యాను తెరిచారు. ఈసారి సిలిండరు వెనకవైపు జల్లెడ పెట్టెలో, ఆరుబయట నిలబడి ఉన్నది. రాగి గొట్టం వేయించారు. భర్త కుడిచేతి వేళ్లు రెండు ఇంకా పూర్తిగా వంగటం లేదు. పిండి రుబ్బటం, దోసె వేయటం అంతా ఆమె చూసుకుంటున్నది. అద్దం కట్టిన నా వార్త మంటల్లో పోయింది. "ఇంకొకటి రాస్తావా అన్నా?" అని ఆమె నవ్వుతూ అడిగింది.

ఇది రాసేముందు వ్యాన్లు కట్టే షెడ్డుకు మళ్లీ వెళ్లి చూశాను. ఇంకో రెండు తయారవుతున్నాయి. ఒకదాని బల్ల రేకుకు అప్పటికే రంధ్రం కొట్టేశారు. అంచు చేత్తో తడిమితే వేలు గీసుకుంది.